మీటరు ముందు మౌనం

ఆదివారం పొద్దున, చాయ్ గ్లాసు ఇంకా ఖాళీ కాకముందే, సోమేశ్వర్ తన ఇంటి ఫ్రిజ్ మీద నేరం మోపాడు. నెలకు రెండు వందల యూనిట్లు దాటని ఇళ్లకు సర్కారు కరెంటు ఉచితం చేసింది కాబట్టి, వీధిలో అందరికీ జీరో బిల్లు వస్తోంది. తనకు మాత్రం రావడం లేదు. బిల్లు కొట్టే మనిషి మిషన్‌లోంచి కాగితం చింపి చేతిలో పెట్టినప్పుడల్లా పక్కింటివాళ్లు తొంగిచూసి జాలిపడుతున్నారు. మహబూబాబాద్ బజారులో బట్టల దుకాణం నడుపుతూ, గజం గుడ్డలో అంగుళం తేడా రానివ్వని మనిషికి ఇంతకంటే అవమానం ఏముంటుంది?

"ఇంట్ల కరెంటు తాగే దయ్యం ఏదో నాకు ఎర్కే," అన్నాడు భార్య రమాదేవితో. "మీ తమ్ముడిచ్చిన ఫ్రిజే."

రమాదేవి చేతిలో గరిటె ఆగిపోయింది. ఆమె తమ్ముడు అరవింద్‌కు భూపాలపల్లిలో టీవీలు, ఫ్రిజ్‌లు అమ్మే షాపు ఉంది. అక్క గృహప్రవేశానికి ఆ ఫ్రిజ్‌కు బొట్టు పెట్టి, దండ వేసి, బండి మీద దాని పక్కనే నిలబడి తీసుకొచ్చాడు. ఆనాటి నుంచి రమాదేవికి అది యంత్రం కాదు, వంటింట్లో నిలబెట్టుకున్న పుట్టిల్లు. దాన్ని ఏమన్నా అంటే తమ్ముణ్ణి అన్నట్టే. తమ్ముణ్ణి అంటే ఆ పూట ఆ ఇంట్లో కూరలో ఉప్పు ఉండదు.

"ఎన్నేండ్లాయె గీ మాట వినుడు!" అన్నదామె. "సరే, కొలువుండ్రి. తప్పు ఫ్రిజ్‌దని తేలితే ఇయ్యాల్నే బండెక్కించి భూపాలపల్లికి తోలిస్త. కాదని తేలితే మాత్రం, మా తమ్ముని ముందట నిలవడి, నలుగురు వినంగ 'తప్పు నాదే' అనాలె. ఒప్పుకుంటరా?"

ఒప్పుకోక తప్పలేదు. కానీ ఆ రెండు ముక్కలు పెళ్లయిన నాటి నుంచి ఆయన నోట వచ్చినవి కావు. దుకాణంలో అమ్మిన చీర రంగు వెలిస్తే తప్పు నీళ్లది. రైలు తప్పిపోతే తప్పు రైలుది. అటువంటి మనిషి తప్పు ఒప్పుకోవడం, అదీ బామ్మర్ది ముందు, అదీ నలుగురిలో! దానికంటే ఫ్రిజ్‌ను దోషిగా నిలబెట్టడమే సులువు అనుకున్నాడు.

కొలిచే పద్ధతి ఫోన్‌లో వీడియో చూసి నేర్చుకున్నాడు. ఫ్రిజ్ తప్ప ఇంట్లో ఉన్నవన్నీ ఆపెయ్యాలి. అప్పుడు మీటరు మీది ఎర్ర దీపం ఎన్నిసార్లు మిణుకుమంటే ఫ్రిజ్ అంత తిన్నట్టు. ఫ్యాన్లు, లైట్లు, టీవీ, మోటరు, హీటరు, మిక్సీ, చివరికి ఫోన్ చార్జర్లు కూడా ఆగిపోయాయి. మధ్యలో ఎవరూ తలుపు తెరవకుండా ఫ్రిజ్ నడుముకు తువ్వాల కట్టి గట్టిగా ముడివేశాడు. మీటరు ఇంటి ముందు గోడకు ఉంది. దానికి ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. ఫ్రిజ్ దొంగతనం బయటపడే వేళకు సాక్షులుండాలి కదా అని ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ కుర్చీలన్నీ తెచ్చి వరసగా వేశాడు.

చిక్కల్లా ఆయన తల్లి చిలుకమ్మతో వచ్చింది. ఆమెకు ఎనభై దాటాయి. రాత్రంతా పక్క వీధిలో పెళ్లి బరాత్ డీజే మోగుతుంటే కంటి మీద కునుకు లేదు. తెల్లవారాక కాస్త పడుకుందామంటే కొడుకు ఫ్యాను ఆపేశాడు.

"గింత ఉడుకల ఇంట్ల ఎట్ల పండుకోవాల్రా? నన్ను సంపుతవా ఏంది?" అని ఆమె గోల పెట్టింది.

సోమేశ్వర్ మంచం తెచ్చి వాకిట్లో పందిరి కింద వేసి తల్లిని పడుకోబెట్టాడు. ఈగలు ముసురుతున్నాయంటే దుకాణంలోంచి కొత్త తెల్ల పంచె తెచ్చి తల నుంచి కాళ్ల దాకా కప్పాడు. ఎండాకాలమైనా ఆమె స్నానానికి వేడినీళ్లు కావాలి, హీటరేమో బంద్. కాబట్టి మంచం పక్కనే మూడు ఇటుకలు పెట్టి, కట్టెలు అంటించి, పెద్ద గిన్నెతో నీళ్లు కాగబెట్టాడు. ఎండ చురుక్కుమంటోందని తలకు తుండుగుడ్డ చుట్టుకుని, మంచానికి వీపు పెట్టి మీటరు ముందు కూర్చున్నాడు.

ఆ వీధిలో నడిచిపోయేవాడికి ఇప్పుడు కనిపించేది ఇది: వాకిట్లో మంచం, మంచం మీద నిండా తెల్లబట్ట కప్పిన ముసలామె, పక్కన నిప్పు, నిప్పు మీద నీళ్లు, వరసగా కుర్చీలు, ఒక కుర్చీలో తలకు గుడ్డ చుట్టుకుని గోడను చూస్తూ పలకకుండా కూర్చున్న కొడుకు. మన ఊళ్లలో దీనికి ఒకటే అర్థం. చిన్నపిల్లలను అడిగినా చెప్తారు.

మొదట చూసింది ఆటో నడిపే ఐలేశ్. ఆ ఇంటి చుట్టాలను స్టేషన్ నుంచి, బస్టాండు నుంచి దింపేది అతనే, కాబట్టి అందరి నంబర్లూ అతని దగ్గర ఉంటాయి. బండి ఆపి, చెప్పులు రోడ్డు మీదే విడిచి, మెల్లగా వచ్చి నిలబడ్డాడు.

"సేటూ..." అన్నాడు గొంతు తగ్గించి.

సోమేశ్వర్ మీటరు మీది నుంచి చూపు తిప్పలేదు. పెదవుల మీద వేలు పెట్టుకుని, రెండో చేత్తో కుర్చీ చూపించాడు.

చావు ఇంటికి పోయినవాడు ఎట్లా జరిగింది, ఎప్పుడు జరిగింది అని ఇంటివాణ్ణి అడగడు. దండం పెట్టి కూర్చుంటాడు. అది మర్యాద. ఐలేశ్ మర్యాదస్తుడు. మంచానికి దండం పెట్టి, కాసేపు కూర్చుని, లేచి వీధి చివరికి పోయి ఫోన్ తీశాడు. జనగామలో ఉన్న చిలుకమ్మ బిడ్డ ప్రసూనకు చెప్పాడు. భూపాలపల్లిలో అరవింద్‌కు చెప్పాడు. వాళ్లిద్దరూ వెంటనే రమాదేవికి ఫోన్ చేశారు. చార్జింగ్ లేక అది స్విచ్ఛాఫ్. సోమేశ్వర్‌కు చేశారు. లెక్క తప్పుతుందని ఆయన తన ఫోన్‌ను బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఎంతసేపు మోగినా ఎత్తేవాడు లేడు. ఇక అనుమానం ఏముంది? ఇద్దరూ ఏడ్చుకుంటూ బయలుదేరారు.

చూస్తుండగానే కుర్చీలు నిండాయి. బజారులో దుకాణాలవాళ్లు, వీధివాళ్లు ఒక్కొక్కరే వచ్చి, మంచానికి దండం పెట్టి, సోమేశ్వర్ భుజం మీద చెయ్యి వేసి, మాట్లాడకుండా కూర్చుంటున్నారు. మంచం వెనకాల ఉంది కాబట్టి దండాలు ఆయనకు కనిపించలేదు. భుజం మీద చేతులు మాత్రం తగిలాయి. ఆయన గుండె ఉప్పొంగింది. ఒక్క మాట అనకుండా, ఒక్క దగ్గు దగ్గకుండా ఇంతమంది కూర్చుని మీటరును చూడటం! కరెంటు శాస్త్రం మీద మహబూబాబాద్ జనానికి ఇంత శ్రద్ధ ఉందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. ఎర్ర దీపం వెలగడం లేదు. పొద్దున్నుంచి ఒక్కసారి కూడా మిణుకుమనలేదు. ఫ్రిజ్ కాసేపు నడిచి కాసేపు ఆగుతుందని వీడియోలో చెప్పారు కాబట్టి, ఇది ఆగిన కాసేపేమో అనుకున్నాడు. ఆ కాసేపు ఎంతకీ కావడం లేదు. ఇట్లాగే ఉంటే తాను ఓడిపోయినట్టే. బామ్మర్ది ముందు నిలబడ్డట్టు, నోరు పెగలనట్టు కళ్లముందు కనబడి ఆయన ముఖం పీక్కుపోయింది. రెప్ప వేయకుండా చూసి చూసి కళ్లలో నీళ్లు తిరిగాయి. మీటరే ఖరాబైందేమోనని లేచి, దాన్ని వేలితో కొట్టి చూసి, చెవి పెట్టి విని, ఏమీ తోచక నుదురు గోడకు ఆనించి నిలబడ్డాడు.

ఐలేశ్ పరుగెత్తి పట్టుకున్నాడు. "ఊకో సేటూ. గోడకు తల కొట్టుకుంటే వస్తదా?"

"ఎందుకు రాదు? రావాలె," అన్నాడు సోమేశ్వర్ పట్టుదలగా. "ఇంకొంచెం సేపు చూద్దాం."

కుర్చీల్లో ఉన్నవాళ్లు తలలు వంచుకున్నారు. తల్లి మీద ఇంత ప్రేమ ఉన్న కొడుకును వాళ్లు చూడలేదు.

ఇదంతా జరుగుతుంటే రమాదేవి పెరట్లో ఉంది. మిక్సీ లేదు కాబట్టి రోట్లో ఎండుమిరపకాయలు వేసి పచ్చడి నూరుతోంది. ఘాటుకు కళ్లూ ముక్కూ ఏకధారగా కారుతున్నాయి. సందులోంచి వచ్చిన ఆడవాళ్లకు ఆమె ఆ స్థితిలో కనిపించింది.

"ఎంత కష్టమొచ్చెనమ్మా నీకు!" అంటూ ఒకామె వచ్చి కావలించుకుంది.

"ఏం జేస్తనక్కా," అన్నది రమాదేవి కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "గీ మనిషిని కట్టుకున్ననాడే గిట్ల రాసిపెట్టి ఉన్నది."

రోట్లో నూరే కష్టానికి ఆడవాళ్లు ఇంతగా కరిగిపోతారని ఆమెకు తెలియదు. అంతమంది తన పక్షాన ఏడుస్తుంటే ఆమెకూ నిజంగానే ఏడుపొచ్చింది. మిరప ఘాటుకు వాళ్ల ఏడుపు మరింత ఎక్కువైంది. పెరట్లోంచి ఆ శోకం వాకిట్లోకి వినిపించింది.

ఎదురింటి మహబూబ్‌బీ పూలు కట్టి అమ్ముతుంది. తన ఇంట్లో ఫ్రిజ్ లేదు కాబట్టి, కట్టిన మల్లెపూలన్నీ తడిగుడ్డలో చుట్టి రమాదేవి ఫ్రిజ్‌లోనే దాచుకుంటుంది. ఆమె మార్కెట్‌లో ఉండగా ఐలేశ్ ఫోన్ చేసి, దండలు కావాలి, చిలుకమ్మ పోయిందని చెప్పాడు. ఆమె అక్కడే ఒకసారి ఏడ్చి, మిగిలిన ఏడుపు దారిలో ఏడుస్తూ వచ్చింది.

"అన్నా, జర ఫ్రిజ్ తెరువుండ్రి," అన్నది సోమేశ్వర్ ముందు నిలబడి. "పూలన్నీ దాంట్లనే ఉన్నయి."

"సాయంత్రం దాక తెరిచేది లేదు."

"యా అల్లా! సాయంత్రం దాకనా? అవ్వకు దండ ఎయ్యొద్దా?"

"ఎవ్వరికి ఏం ఏసేదున్నా రేపు ఎయ్యుండ్రి. ఇప్పుడు తెరిస్తే మొత్తం ఖరాబైతది."

"కన్నతల్లి అన్నా..." అన్నది మహబూబ్‌బీ.

"కన్నతల్లి అడిగినా తెరవ. నువ్వు జర పక్కకు జరుగు, మీటరు కనపడ్తలేదు."

కుర్చీల్లో గుసగుసలు మొదలయ్యాయి. దుఃఖానికి మతి పోయిందని కొందరన్నారు. మతి ఉండే ఇట్లా చేస్తున్నాడని, దుకాణంలో బేరమాడినవాళ్లకు తెలుసని మరికొందరన్నారు.

ఆ సమయానికి ఒక వ్యాను వచ్చి ఆగింది. అరవింద్ దారిలోంచే ఐలేశ్‌కు ఫోన్ చేసి, ఎండలు మండుతున్నాయి కదా, మేం వచ్చేలోపు ఫ్రీజర్ బాక్స్ ఏర్పాటు చెయ్యమన్నాడు. శవం పాడవకుండా పెట్టే, అద్దం మూత ఉన్న పొడుగాటి పెట్టె అది. వ్యానువాళ్లు దాన్ని నిశ్శబ్దంగా దించి మంచం పక్కన పెట్టారు. బిడ్డ రాకముందు తల్లిని కదిలించకూడదని పెద్దలన్నారు. సరే, ఈలోపు ఖాళీ పెట్టె చల్లబడుతుందని వ్యాను మనిషి దాని వైరు అరుగు మీది ప్లగ్గులో గుచ్చి స్విచ్ వేశాడు.

సోమేశ్వర్ కళ్ల ముందు ఎర్ర దీపం మిణుకుమంది. మళ్లీ మిణుకుమంది. ఆ తర్వాత ఇక ఆగలేదు, జాతరలో సీరియల్ లైటులాగా కొట్టుకోసాగింది.

స్టేషన్ నుంచి వచ్చిన ఆటోలోంచి ప్రసూన దిగింది. వెనకనే అరవింద్ కారు. "అమ్మా!" అని అరుస్తూ ప్రసూన పరుగెత్తి మంచం మీద పడింది. అరవింద్ గులాబీల దండ పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ, బావను ఓదార్చడానికి వచ్చాడు.

"దొరికింది!" అని సోమేశ్వర్ కుర్చీలోంచి ఒక్క ఎగురు ఎగిరాడు. తలకు చుట్టుకున్న గుడ్డ ఊడదీసి గాల్లో గిరగిరా తిప్పాడు. "దొరికిందిరో! పొద్దున్నుంచి చూస్తున్న, ఇప్పటికి దొరికింది!" బామ్మర్ది కనబడగానే వాటేసుకుని, అతని చెయ్యి పట్టుకుని రెండు చిందులు కూడా వేశాడు. "అరవిందూ! మంచి టైముకు వచ్చినవ్! ఇంతకంటే సంబురం ఉంటదా చెప్పు!"

"అయ్యో బావా," అన్నాడు అరవింద్ వణికిపోతూ. "పట్టుండ్రి, ఎవరన్న పట్టుండ్రి!"

నలుగురు పట్టుకున్నారు. ఒకాయన చెంబుతో నీళ్లు ముఖాన కొట్టాడు. ఈ గోలకు, మీద పడ్డ బిడ్డ బరువుకు, మంచం మీది తెల్లబట్ట కదిలింది. చిలుకమ్మ లేచి కూర్చుంది.

నాలుగు కుర్చీలు వెల్లకిలా పడ్డాయి. వ్యాను మనిషి వ్యాను ఎక్కి తలుపు వేసుకున్నాడు. మహబూబ్‌బీ తెలిసిన దువాలన్నీ ఒకేసారి చదవడం మొదలుపెట్టింది.

చిలుకమ్మ చుట్టూ చూసింది. వాకిట్లో నిప్పు ఉంది, జనం ఉన్నారు, బిడ్డ గుండెలు బాదుకుంటోంది, అరవింద్ చేతిలో దండ ఉంది. ఆమె జీవితంలో ఇటువంటి వాకిళ్లు ఎన్నో చూసింది. ఎవరూ చెప్పకుండానే పని అందుకుంది. "అయ్యో దేవుడా, ఎంత పనాయెరా!" అని రాగం ఎత్తుకుని, సగంలో ఆపి, బిడ్డ గడ్డం పట్టుకుని అడిగింది.

"ఎవరు పోయిండ్రే? చెప్పు, పేరు పెట్టి ఏడుస్త."

"నువ్వేనే అమ్మా!" అన్నది ప్రసూన.

"నేనా?" చిలుకమ్మ కాసేపు ఆలోచించింది. "నాకెవ్వరు చెప్పలే."

సోమేశ్వర్ పొద్దున్నుంచి మొదటిసారి వెనక్కి తిరిగి చూశాడు. తల్లిని, నిప్పును, అద్దం పెట్టెను, యాభై మంది జనాన్ని వరసగా చూశాడు. భుజం మీద పడ్డ చేతులన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. గొంతు సవరించుకుని, తాను ఫ్రిజ్ కరెంటు కొలుస్తున్నానని చెప్పాడు. జనానికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం వచ్చింది. కోపం వచ్చిన కాసేపటికి వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు, ఇక ఎవరి తరమూ కాలేదు. చావు మాట పుడితే ఆయుష్షు పెరుగుతుందని ఒక పెద్దాయన అన్నాడు.

"తెచ్చింది తెచ్చినవ్, వాపసు తీస్కపోకు," అని చిలుకమ్మ అరవింద్ ముందు మెడ వంచింది. అతను గులాబీల దండ వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

పెరట్లోంచి వచ్చిన రమాదేవికి నవ్వు రాలేదు. "అవన్ని సరే," అన్నది. "ఫ్రిజ్ ముచ్చట ఏమైంది?"

సోమేశ్వర్‌కు ప్రాణం లేచొచ్చింది. "ఏమైతది? దొరికింది! ఆ దీపం చూడు ఎట్ల కొట్టుకుంటున్నదో. మీ తమ్ముని ఫ్రిజ్ ఊరి కరెంటంత తాగుతున్నది!"

అరవింద్ దీపాన్ని చూశాడు. తర్వాత నేల మీద వైరును చూశాడు. వైరు వెంబడి అరుగు దాకా నడిచి, ఫ్రీజర్ బాక్స్ స్విచ్ ఆపేశాడు. ఎర్ర దీపం ఠక్కున ఆగిపోయింది.

"బావా, ఈ డబ్బా రాకముందు ఎన్నిసార్లు వెలిగింది?"

ఐలేశ్ అందుకున్నాడు. "ఒక్కసారి గూడ వెలగలేదన్నా. మేమంత కండ్లార చూసినం. సేటు దానికే ఏడ్చిండు."

సాక్షుల కోసం వేసిన కుర్చీలు నిండుగా సాక్షులతో ఉన్నాయి. రమాదేవి చేతులు కట్టుకుని నిలబడింది. సోమేశ్వర్ ఆకాశం చూశాడు, పందిరి చూశాడు, తప్పించుకోవడానికి రైలేదీ కనిపించలేదు.

"తప్పు..." అన్నాడు. చేతిలోని గుడ్డ మళ్లీ తలకు చుట్టుకున్నాడు. "తప్పు నాదే."

"ఏమన్నడు?" అన్నది చిలుకమ్మ. "ఇంకొక్కసారి అనుమను, సరిగ ఇనపడలే."

ఇంకొక్కసారి అన్నాడు. అరవింద్ కళ్లు నిజంగా చెమర్చాయి. ఎన్నేళ్లుగానో ఆ ఫ్రిజ్ మాట వచ్చినప్పుడల్లా మింగుకున్న మాటలన్నీ కరిగిపోయి బావను గట్టిగా వాటేసుకున్నాడు. ఏడవడానికి సిద్ధపడి వచ్చిన జనం ఆ అవకాశం వదులుకోలేదు. పొద్దున్నుంచి ఒక్క చుక్క కరెంటు తాగని అటువంటి ఫ్రిజే తమకూ కావాలని ఇద్దరు వ్యాపారులు అక్కడికక్కడే అరవింద్‌కు చెప్పేశారు.

"నీ పూలన్నీ ఇయ్యాల నేనే తీస్కుంటనమ్మా, ఎవ్వరికీ అమ్మకు," అన్నది రమాదేవి మహబూబ్‌బీతో. ఎందుకని ఎవరూ అడగలేదు.

"బావా, గొంతెండిపోయింది," అన్నాడు అరవింద్ గర్వంగా. "మన ఫ్రిజ్‌ల సల్లటి నీళ్లు తెప్పియ్యి."

సోమేశ్వర్ తానే వెళ్లాడు. తువ్వాల ముడి విప్పి తలుపు తీశాడు. లోపల దీపం వెలగలేదు. మగ్గిన మల్లెపూల వాసన వెచ్చగా ముఖానికి కొట్టింది. సీసా పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. తల పక్కకు పెట్టి గోడవైపు చూశాడు. ఫ్రిజ్ స్విచ్ ఆపేసి ఉంది.

వెనక్కి తిరిగితే గడపలో రమాదేవి. ఆమె చూపు దించలేదు. రెండు గ్లాసులు చాచింది.

సోమేశ్వర్ అరవడానికి నోరు తెరిచాడు. ఒక్క కేక వేస్తే చాలు, అన్న మాట వెనక్కి వచ్చేస్తుంది. కానీ ఆ కేకలో చెప్పాల్సింది ఏమిటి? నడవని ఫ్రిజ్ ఎంత తింటుందో చూడటానికి ఊరినంతా కూర్చోబెట్టుకుని పొద్దున్నుంచి కళ్లనీళ్లు పెట్టుకున్నానని. తెరిచిన నోరు మూసుకుని, ఫ్రిజ్ తలుపు కూడా మూసి, గ్లాసులు నింపుకుని వాకిట్లోకి నడిచాడు. వెనక టక్‌మని స్విచ్ పడింది. గోడ మీద ఎర్ర దీపం మిణుకుమనసాగింది. దాన్నిప్పుడు ఎవరూ చూడటం లేదు.

బావా బామ్మర్దులు ఒకేసారి గ్లాసులు ఎత్తారు.

"సల్లగున్నయా సేటూ?" అని అడిగాడు ఐలేశ్. కొత్త ఫ్రిజ్ కావాలన్న వ్యాపారులిద్దరూ మెడలు చాచారు.

సోమేశ్వర్ ఆ వెచ్చటి నీళ్లు చివరి చుక్క దాకా తాగాడు. "మస్తు సల్లగున్నయి," అన్నాడు.

అరవింద్ ఒక గుక్క తాగి, గ్లాసులోకి చూసి, అక్క ముఖం చూసి, మిగతాది కూడా తాగేసి, పళ్లు జివ్వుమన్నాయని చెప్పాడు.